నాచారం ఆయన ఒక్క ముచ్చట

పోయిన నెలలో ఒక పొద్దున మల్కాజిగిరి గార్డుగారు ఫోన్ చేసి, నాచారం ఆయన పోయాడని చెప్పారు. గార్డుగారంటే రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన పెద్దమనిషి, మా రేడియో నెట్‌లో పాత సభ్యుడు. "ఎల్లుండి నెట్‌లో ఆయన గురించి రెండు ముక్కలు మీరే చెప్పాలండీ. ఎంతైనా కంట్రోల్ మీరు కదా" అన్నారు. సరేనన్నాను. ఆ రోజు మైకు ముందు కూర్చుని, "మంచి మనిషి, మంచి ఆపరేటరు, ఆయన ఆత్మకు శాంతి కలగాలి" అని పావు నిమిషంలో ముగించాను. దుఃఖంతో గొంతు పూడుకుపోయిందని అందరూ అనుకున్నారట. నా గొంతుకేం కాలేదు. చెప్పాల్సింది నలుగురి ముందు చెప్పగలిగేది కాదు, అంతే.

చెప్పాల్సింది ఇది. నాకు ఆయనంటే అసూయ. పక్కవాడు స్కూటర్ కొంటే కలిగేలాంటి చిన్న అసూయ కాదు, తిన్నది ఒంటికి పట్టనివ్వని అసూయ. పోయినవాళ్ళ గురించి చెడు మాట్లాడకూడదంటారు. నేను మాట్లాడబోయే చెడు నా గురించే కాబట్టి ఎవరికీ అభ్యంతరం ఉండదనుకుంటాను.

మా వ్యాపకం తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. దీన్ని హామ్ రేడియో అంటారు. పరీక్ష రాసి, ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకుని, ఇంట్లో ఒక సెట్టు, డాబా మీద ఒక ఏరియల్ పెట్టుకుంటే, సొంత ఊళ్ళోనో దూరదేశంలోనో ఉన్న మాలాంటి పిచ్చివాళ్ళతో మాట్లాడుకోవచ్చు. ఎనభయ్యో దశకంలో ఉప్పల్‌లో ఫోన్ కోసం పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాళ్ళు. అలాంటి రోజుల్లో ప్రతి పొద్దునా ఏడు నుంచి ఏడున్నర దాకా మేమంతా గాలిలో ఒకచోట చేరేవాళ్ళం. దాన్నే నెట్ అంటాం. అందరూ ఒకేసారి మాట్లాడితే ఎవరిదీ వినబడదు కాబట్టి ఒకరు కంట్రోల్‌గా ఉంటారు. కంట్రోల్ వరసగా పిలవాలి, పిలిచినవాడే పలకాలి. మా మధ్య పేర్లు ఉండవు, ఊళ్ళే పేర్లు. మల్కాజిగిరి, బోడుప్పల్, తార్నాక, నాచారం. నేను ఉప్పల్‌ని. కంట్రోల్‌ని కూడా నేనే.

ఏం మాట్లాడుకుంటారయ్యా అంటే, నీ సిగ్నల్ నాకెలా వినబడుతోంది, నాది నీకెలా వినబడుతోంది, ఏరియల్ ఎంత ఎత్తు, మీ దగ్గర మబ్బు పట్టిందా. బాగా వినబడితే ఫైవ్ నైన్ అంటాం, అది నూటికి నూరు మార్కులు. రాజకీయం, మతం, వ్యాపారం మాట్లాడకూడదన్నది నియమం. ఆ నియమాన్ని నేను తెల్లటి అట్ట మీద నల్లసిరాతో రాసి సెట్టు పైన గోడకు తగిలించుకున్నాను. నేను ఒక ప్రభుత్వరంగ కర్మాగారంలో డ్రాఫ్ట్స్‌మన్‌ని, యంత్రాల బొమ్మలు గీసే ఉద్యోగం. తణుకు దగ్గర నుంచి వచ్చి ఉప్పల్‌లో అద్దెకు దిగినవాణ్ని. గీత వంకరపోతే నాకు నిద్రపట్టదు. నా నెట్ కూడా గీత గీసినట్టే నడిచేది. ఏడెనిమిది మంది వచ్చేవారు, ఒకరికొకరు ఫైవ్ నైన్ ఇచ్చుకునేవారు, వెళ్ళిపోయేవారు. అది చూసుకుని నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

అప్పుడు దిగాడు నాచారం ఆయన.

నాచారంలో ఫ్యాక్టరీల వెనక సందులో ఆయనకు మోటారు వైండింగ్ షాపు ఉండేది. కాలిపోయిన మోటార్లకు రాగితీగ మళ్ళీ చుట్టిచ్చే పని. ఆ రాగితీగతోనూ, గుజిరీలో, అంటే పాతసామాన్ల అంగట్లో, ఏరుకొచ్చిన మిలిటరీ సామానుతోనూ సెట్టు తానే కట్టుకున్నాడు. సగం సెట్టు బిస్కెట్ల రేకుడబ్బాలో, మిగతా సగం బల్ల మీద బట్టబయలుగా ఉండేది. ఏరియల్ రెండు వెదురుబొంగుల మధ్య కట్టిన తీగ. నాదేమో విదేశీ సెట్టు, లెక్కవేసి నిలబెట్టిన ఇనుప స్తంభం. అయినా నెట్‌లో అందరికీ నాకంటే ఆయనే బాగా వినబడేవాడు. మొదటిరోజే తార్నాక ఆయన, "కంట్రోల్‌గారూ, నాచారంది మీకంటే గట్టిగా ఉందండీ" అన్నాడు. కళ్ళలో నిప్పులు పోసుకోవడం అంటారే, అది ఆ పూటే మొదలైంది నాకు.

స్విచ్ నొక్కాక ఆయన వెంటనే మాట్లాడేవాడు కాదు. ముందు షాపు వినబడేది. సుత్తి చప్పుడు, ఒక కోడి, "మామా, ఉన్నవా?" అంటూ ఎవరిదో కేక. తర్వాత ఒక దగ్గు. అప్పుడు, "ఉప్పలన్నా, మంచిగున్నవా?" అనేవాడు. నాకంటే పదేళ్ళు పెద్దవాడు, అయినా నన్ను అన్నా అనేవాడు, ఆ నోటితోనే నువ్వు అనేవాడు. మా వైపు ముఖపరిచయం లేని మనిషిని నువ్వంటే తగువే. నేను పట్టుబట్టి మీరు, గారు అని మాట్లాడుతుంటే ఆయనకు అదేమీ పట్టేది కాదు.

ఇక అసలు గొడవ. సిగ్నల్ రిపోర్టు బుద్ధిగా ఇచ్చి, స్విచ్ వదలకుండా, "జర ఆగున్రి, ఒక్క ముచ్చట" అనేవాడు. అది ఎప్పుడూ ఒకటితో ఆగిన పాపాన పోలేదు.

"బోడుప్పల్ సారుది ఫైవ్ నైన్. ఒక్క ముచ్చట. మా లీడర్ సిగ్నలు మాత్రం ఐదేండ్లకొక్కపారే ఒస్తది. ఒచ్చినప్పుడు గూడ ఆయన చెప్పేది మనం ఇనాలె, మనం చెప్పేది ఆయనకు ఇనబడది."

ఇంకోరోజు, "నిన్న మంత్రి మా కాడికొచ్చిండు. గంటసేపు ఉత్త క్యారియరే, మాట లేదు." క్యారియర్ అంటే, మాట్లాడకుండా స్విచ్ నొక్కి పట్టుకుంటే వినబడే ఖాళీ హోరు. ఆ ఒక్క మాటకు మా వాళ్ళు వారం రోజులు పొంగిపోయారు. తర్వాత ఎవరి ఆఫీసులో ఎవరు ఉపన్యాసమిచ్చినా, "ఉత్త క్యారియరే" అనుకోవడం మొదలుపెట్టారు.

రెండు నెలల్లో నా నెట్‌కు వచ్చేవాళ్ళు ఇరవై మందయ్యారు. లైసెన్సు తీసుకుని అటకెక్కించినవాళ్ళు కూడా సెట్లు దుమ్ము దులిపారు. "ఆఫీసుకు టైమవుతోంది, నాచారాన్ని కాస్త ముందు పిలవండి" అని తార్నాక ఆయన అడిగితే, నేను పంతానికి నాచారాన్ని అందరికంటే చివర పిలవడం మొదలుపెట్టాను. అందరూ చివరిదాకా ఉండడం మొదలుపెట్టారు. ఆ ఆఖరి వంతు కోసం ఇరవై మంది ఎదురుచూస్తుంటే, మిగతా అందరినీ పిలిచే బంట్రోతు ఉద్యోగం నాకు మిగిలింది.

అంతకంటే పెద్ద దెబ్బ మా ఇంట్లోనే తగిలింది. పెళ్ళయిన నాటి నుంచి మా ఆవిడ నా రేడియోను కాకుల గోల అనేది. నేను మాట్లాడుతుంటే తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయేది. అలాంటిది ఒకరోజు ఏడు గంటలకు చిక్కుడుకాయల చేట తెచ్చుకుని గుమ్మంలో కూర్చుంది. మర్నాడూ అంతే. మూడోరోజు, "నాచారం వారు ఇంకా రాలేదాండీ?" అని అడిగింది. ఆయన "ఒక్క ముచ్చట" అనగానే ఈవిడ చేతులు ఆగిపోయేవి. ముందు ముక్కుతో ఒక చిన్న శబ్దం, ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ నవ్వు గది అంతా నిండేది. నేనూ హాస్యమాడగలను. ఆఫీసులో నా మాటలకు నవ్వేవాళ్ళున్నారు. ఇంట్లో చెబితే మా ఆవిడ "ఊఁ" అనేది. కట్టుకున్న భార్యను ముఖమైనా చూడని మోటారు మెకానిక్ అలా నవ్విస్తుంటే, పక్కనే కూర్చున్న నాకు ఒళ్ళు మండిపోయేది. నాలో ఏం తక్కువని ఎన్నిసార్లు అద్దంలో చూసుకున్నానో!

ఒక ఆదివారం నియమాల కాయితం జేబులో పెట్టుకుని ఆయన షాపుకు వెళ్ళాను. నల్లగా, పొట్టిగా, తెల్లటి మీసంతో ఒక మనిషి స్టూలు మీద కూర్చుని కాయిల్ చుడుతున్నాడు. నన్ను చూసి ఎడమచెయ్యి ఎత్తి ఆగమన్నాడు. చుట్లు లెక్కపెడుతున్నాడు. లెక్క తప్పితే మళ్ళీ మొదటి నుంచీ చుట్టాలి. ఒక పక్క వేళ్ళు తీగను నడుపుతుంటే పెదాలు అంకెలు గొణుగుతున్నాయి. ఇరవై నిమిషాలు నిలబడ్డాను. చివరకు ముడివేసి, తలెత్తి, "ఎవలన్నా?" అన్నాడు. "ఉప్పల్" అన్నాను. అంతే, లేచొచ్చి వార్నిష్ అంటిన చేతులతోనే నా చేతులు పట్టుకున్నాడు.

"ఉప్పలన్నవా! గొంతు ఇని లావుగుంటవనుకున్న. కూసో, కూసో. చాయ్ తాగుతవా?"

చాయ్ తాగాను. తర్వాత కాయితం తీసి చదివి వినిపించాను. చివరిదాకా శ్రద్ధగా విన్నాడు.

"అన్నా, నాకొకటి చెప్పు. నెట్‌ల వాతావరణం మాట్లాడొచ్చునా?"

"మాట్లాడవచ్చు."

"పొద్దుగాల లేస్తనే నల్లా ఒచ్చిందా, కరెంటున్నదా అని సూస్తం. మా గల్లీల నాలుగు రోజుల సంది నల్లా ఒస్తలేదు. గది వాతావరణమా, రాజకీయమా?"

"వాతావరణమంటే ఎండా, వానా అండీ."

"నల్లా మీద ఎండ మస్తుగనే కొడుతున్నది" అన్నాడు. షాపులో ఉన్న నలుగురూ నవ్వారు. నాకూ నవ్వు రాబోయింది. పళ్ళు బిగపట్టి ఆపుకున్నాను. ఆయన మాటకు నవ్వితే ఓడిపోయినట్టేనని అప్పటికే తీర్మానించుకున్నాను.

నా వాదనలో న్యాయం లేదని అనను. ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఆయన మాట చమత్కారంగా ఉండేది, ఎవరికీ గుచ్చుకునేది కాదు. కానీ ఆయన తెరిచిన తలుపులోంచి మిగతావాళ్ళు కర్రలు పట్టుకుని వచ్చారు. మల్కాజిగిరి గార్డుగారిది ఒక పార్టీ, బోడుప్పల్‌లో ఉండే టీచరుగారిది ఇంకో పార్టీ. ఒకనాడు మాటా మాటా పెరిగి, "మీవాళ్ళు దొంగలు" అంటే "మీవాళ్ళు బందిపోట్లు" అనుకున్నారు. నేను ఆపండి, ఆపండి అంటున్నా ఒకరి మీద ఒకరు స్విచ్చులు నొక్కిపట్టి ఈలలు తప్ప ఏమీ వినబడకుండా చేశారు. ఏరియల్ ఎలా కట్టాలని అడగడానికి వచ్చిన కొత్త సభ్యుడొకడు బిక్కచచ్చి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి గార్డుగారూ రాలేదు, టీచరుగారూ రాలేదు. నా నెట్ నా కళ్ళముందే చెడిపోతోందని నేను బాధపడ్డ మాట నిజం. ఆ బాధ వెనకాల, ఇప్పుడు నాచారం దొరికాడన్న సంతోషం ఉన్న మాటా నిజమే.

ఆధారం కావాలనుకున్నాను. టేపు రికార్డరు తెచ్చి బల్ల మీద, స్పీకరు పక్కన పెట్టాను. మర్నాడు ఏడింటికి మీట నొక్కి నెట్ మొదలుపెట్టాను. ఆయన నిరాశపరచలేదు. తన వంతు రాగానే మళ్ళీ మంత్రి సంగతి ఎత్తాడు. "మంత్రి మళ్ళొచ్చిండు. ఈపారి క్యారియర్ గూడ లేదు, ఉత్త ఏరియలే ఒచ్చి నిలబడ్డది." గుమ్మంలోంచి మా ఆవిడ నవ్వు. నేను నియమం గుర్తుచేశాను. అప్పుడు ఆయన ఒక మాటన్నాడు.

"నీకు ఫికర్ లేదు ఉప్పలన్నా. నువ్వెవలికీ ఓటెయ్యవు. నీ పేరు ఈడ లిస్టులనే లేకపాయె."

అది నిజం. ఓటు ఇంకా తణుకులోనే ఉంది. నిజం కాబట్టే తిక్క రేగింది. స్విచ్ నొక్కాను. నియమం ఎందుకుండాలో ప్రశాంతంగా వివరించి స్విచ్ వదిలానని ఆ తర్వాత చాలా రోజులు నమ్మాను.

ఆ సాయంత్రం టేపును నాచారం వంతు దగ్గరికి తిప్పి రెండు నిమిషాలు విన్నాను. ఆయన గొంతు ఖంగుమని ఉంది. ఇంకేం కావాలి, ఆపేశాను. లైసెన్సులిచ్చే వాళ్ళకు, "ఒక శ్రేయోభిలాషి" అని కింద రాసి, ఉత్తరం, టేపు రెండూ పోస్టులో పంపాను. ఎన్నికలు అయిపోయాయి. ఎవరు గెలిచారో గెలిచారు. నాకు ఒకటే ధ్యాస, నాచారం లైసెన్సు ఎప్పుడు పోతుందా అని.

మూడు నెలలకు నోటీసు వచ్చింది. నాకు వచ్చింది.

ఊళ్ళోనే ఉన్న లైసెన్సుల ఆఫీసుకు రమ్మంటే వెళ్ళాను. సన్నగా, విసుగ్గా ఉన్న ఒక ఆఫీసరు, "ఇది ఎవరు పంపారో మీకేమైనా తెలుసా?" అన్నాడు. తెలియదన్నాను. ఆయన టేపు పెట్టాడు. నాచారం మాట్లాడాడు. స్విచ్ వదిలాడు. తర్వాత నేను మొదలుపెట్టాను. కొంచెం సేపు నియమం గురించి మాట్లాడాను. ఆ తర్వాత ఏ పార్టీ ఏ కర్మాగారాన్ని ఎలా పాడుచేసిందో, ఎవరు ఎవరి ఉద్యోగాలు తన్నుకుపోతున్నారని ఎవరు అబద్ధాలు ప్రచారం చేస్తున్నారో, ఓటు ఎక్కడున్నా పన్ను ఇక్కడే కడుతున్నానన్న సంగతీ, ఫలానా నాయకుడి తాతగారి సంగతీ, అన్నీ చెప్పాను. ఆఫీసరు గడియారం చూసుకుంటూ విన్నాడు. నాచారం మాట్లాడింది రెండు నిమిషాలకు లోపు. నేను మాట్లాడింది పదకొండు నిమిషాలు.

అక్కడితో ఆగలేదు. అందరి గొంతులూ రేడియోలోంచి వచ్చినట్టు గీరగా ఉంటే, నాదొక్కటే గదిలో పక్కన కూర్చుని మాట్లాడినట్టు నున్నగా ఉంది. నా మాటల మధ్యలో కుక్కరు విజిల్ వేసింది. ఆఫీసరు టేపు ఆపి, "మీ ఇంట్లో పప్పు ఎన్ని విజిల్స్‌కి దింపుతారండీ?" అని అడిగాడు. తాను తీసిన గోతిలో తానే పడడమంటే ఏమిటో ఆ కుర్చీలో కూర్చుని తెలుసుకున్నాను. మూడు నెలలు నేను సెట్టు ముట్టకూడదన్నారు. ఆ మధ్యాహ్నమే నాచారాన్ని పిలిచి, అదే టేపు వినిపించి, హెచ్చరిక కాయితం చేతిలో పెట్టి పంపారట.

అంటే ఆయనకు తెలిసిపోయింది. ఆ విజిలు, ఆ నున్నటి గొంతు విన్నవాడికి టేపు ఎవరు పంపారో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

మాట్లాడకూడదు గానీ వినడానికి అడ్డులేదు. మామూలు రేడియోలో షార్ట్‌వేవ్ ముల్లు జాగ్రత్తగా తిప్పితే మా నెట్ దొరుకుతుంది. మర్నాడు ఏడింటికి రేడియో ముందు కూర్చున్నాను. ఇరవై మంది ముందు నా పరువు తీస్తాడని తెలుసు. సుత్తి చప్పుడు, కోడి, దగ్గు.

"అందరికీ నమస్తే. ఉప్పలన్న జర సెట్టు రిపేర్ల పెట్టుకున్నడు. గంతవరకు నన్ను సూసుకొమ్మన్నడు. మల్కాజిగిరి సారు ఉన్నరా? బోడుప్పల్ సారూ? రాన్రి, మీ ఇద్దరు లేకపోతే నెట్ బోసిపోయింది."

నేను చూసుకోమనలేదు. అయినా ఆయన అలాగే చెప్పాడు. గార్డుగారూ టీచరుగారూ వారంలో తిరిగొచ్చారు.

ఇంకో వింత. కంట్రోల్ కుర్చీలో కూర్చున్న మూడు నెలలూ ఆయన రాజకీయం ఎత్తలేదు. ఎవరైనా ఎత్తబోతే, "అది షాపుకాడికొచ్చి మాట్లాడు తమ్మీ, చాయ్ తాగిపిస్త" అనేవాడు. నాకు లోపల ఎంతో ఆనందమైంది. ఇక ఈయన దగ్గర ఏముంది, వట్టి ఫైవ్ నైన్‌లు వినడానికి ఎవరొస్తారు, పదిరోజుల్లో నెట్ పలచబడుతుంది అని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. నెట్ పలచబడలేదు. బిస్కెట్ల డబ్బాలో కోడి గుడ్డు పెట్టిన సంగతి చెప్పాడు. పిండిగిర్ని మోటారు ఉల్టా తిరిగిన సంగతి చెప్పాడు. ఇరవై మంది ఇరవై రెండు మందయ్యారు. మా ఆవిడ చేట తెచ్చుకుని అదే గుమ్మంలో కూర్చుని, కోడి సంగతికి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. అన్నాళ్ళూ జనం రాజకీయం కోసం ఎగబడుతున్నారని నాకు నేను చెప్పుకున్నాను. ఆ ఊరట కూడా పోయింది. వాళ్ళు ఆయన కోసమే వచ్చేవారు.

మూడు నెలలు నిండిన ఆదివారం పదింటికి మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఒక నోటుపుస్తకం. ఏ రోజు ఎవరొచ్చారో, ఎవరి సిగ్నల్ ఎలా ఉందో పెన్సిల్‌తో రాసిపెట్టాడు. "నీ కుర్చీ నువ్వు సంబాళించుకో అన్నా, నాతోని గాదు" అని నా చేతికిచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు. మంచినీళ్ళు తాగాడు. "వదినె లేదా?" అన్నాడు. కూరగాయలకు వెళ్ళిందన్నాను. ఆయన కళ్ళు బల్ల మీద టేపు రికార్డరు దగ్గర ఆగాయి. ఇప్పుడు అడుగుతాడు, ఎందుకు చేశావని అడుగుతాడు అనుకున్నాను. సమాధానం కూడా సిద్ధం చేసుకున్నాను.

"అన్నా, ఒక్క ముచ్చట అడుగుత. ఏమనుకోకు."

"అడగండి."

"ఆ టేపుల ఎవలో నవ్విన్రు. ఆడమనిషి. నేను మంత్రి సంగతి చెప్పంగనే. ఎవలన్నా అది?"

నేను నోటుపుస్తకం తెరిచి పేజీలు తిప్పాను. ఆయనే అన్నాడు.

"ఇన్ని దినాల సంది మాట్లాడుతున్న గదా. స్విచ్ వత్తి పట్టుకుంటే మనకేమీ ఇనబడదాయె. ఇడిసేసరికి ఇంకొకలు అందుకుని ఫైవ్ నైన్ అంటరు. నవ్విన్రో, తిట్టుకున్నరో, డబ్బా బంద్ జేసిన్రో, నాకెట్ల ఎరుక? గోడకు చెప్పుకున్నట్టుండేది. ఆ సారు టేపు పెట్టిండు. నవ్వు ఇనబడ్డది. నోటీసు సంగతే యాది మర్చిన. ఇంకొక్కపారి పెట్టున్రి సార్ అంటే కోపం జేసిండు." తలొంచుకుని నవ్వాడు. "వదినెనా అన్నా?"

అవును అంటే చాలు. మూడే అక్షరాలు. ఆయన నా పరువు కాపాడినవాడు, నా కుర్చీ నాకు తెచ్చిచ్చినవాడు. ఆ ముఖంలో ఆశ చూస్తుంటే ఎవరికైనా చెప్పాలనిపిస్తుంది. నాకు మాత్రం కడుపులో మంటే పుట్టింది. లోకమంతా నీకే ఉంది కదా, ఇదొక్కటి నీకు తెలియకపోతే ఏం పోయింది అనిపించింది.

"కాదండీ. పక్కవాటా వాళ్ళు రేడియో పెద్దగా పెడతారు. ఏదో నాటకం వస్తుండి ఉంటుంది."

"నాటకమా?"

"అవునండీ."

"బరాబర్ నా మాటకే నవ్వింది గద."

"ఒక్కోసారి అలా కలుస్తుంది."

ఆయన కాసేపు చేతులు చూసుకున్నాడు. "అట్లనా" అన్నాడు. లేచి, చెప్పులు వేసుకుని, గేటు జాగ్రత్తగా మూసి వెళ్ళాడు. పది నిమిషాలకు మా ఆవిడ సంచీతో వచ్చి, ఎవరొచ్చారని అడిగింది. చెప్పాను. "అయ్యో, కాసేపు ఉండమనకపోయారా! ఎన్నాళ్ళ నుంచో ఆయన్ని చూడాలనుకుంటున్నాను" అంది. "ఏమన్నారు?" అంది. పుస్తకం ఇచ్చి వెళ్ళాడన్నాను.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఆయన నెట్‌కు వచ్చాడు. దగ్గు, "ఉప్పలన్నా, మంచిగున్నవా, ఫైవ్ నైన్", అంతే. ఒక్క ముచ్చట అనలేదు. కోడి సంగతి కూడా చెప్పలేదు. నోటీసుకు భయపడ్డాడని అందరూ అనుకున్నారు. నా అబద్ధమే ఆయన నోరు కట్టేసిందనుకోవడం నా గొప్ప కూడా కావచ్చు. వయసు మీదపడిందేమో, షాపు సరిగా నడవడం లేదేమో. కానీ ఆ "అట్లనా" నేను విన్నాను, వాళ్ళు వినలేదు. నెట్ మళ్ళీ నా గీత మీదికి వచ్చింది. పదిమందికి తగ్గి, ఏడుగురికి తగ్గింది. "నాచారం వారికి ఒంట్లో బాగాలేదాండీ?" అని మా ఆవిడ కొన్నాళ్ళు అడిగింది. తర్వాత చేట వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను గెలిచాను. ప్రతి పొద్దునా మైకు నా చేతిలోనే ఉండేది, ఆయన అవతల వింటూనే ఉండేవాడు. ఒక్క వాక్యం చెబితే అయిపోయేది. ఎనిమిదేళ్ళలో ఆ వాక్యం నా నోట రాలేదు. ఇంకా కుళ్ళు పోలేదు కాబట్టి రాలేదు, వేరే కారణం లేదు.

పోయాడన్న కబురు మా ఆవిడకు చెప్పినప్పుడు బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టింది.

"ఒక్కసారైనా మనింటికి పిలవాల్సిందండీ."

"వచ్చాడుగా ఒకసారి."

"నేను లేనప్పుడు" అంది.

అప్పుడూ చెప్పలేదు. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం లేక ఇలా రాసి పత్రికకు పంపుతున్నాను. అచ్చవుతుందో లేదో తెలియదు. అచ్చయితే మా ఇంట్లో ఆ పత్రిక మొదట చదివేది మా ఆవిడే. చదివి ఏమంటుందో తెలియదు. నవ్వదని మాత్రం తెలుసు.